పదిహేను శాతం జబ్బు

జమ్మలమడుగు
12 జూన్ 2023

తమ్ముడు జోయల్‌కు,

ప్రభువు కృప నీ ఇంటిమీద ఉండాలని ప్రార్థిస్తూ అక్క సుందరమ్మ రాయునది. ఇక్కడ నేను క్షేమం, మోకాళ్ళు మినహా.

నెల రోజులుగా నీ ఫోను మోగడం లేదు. అది మోగితే నువ్వు ఉలిక్కిపడుతున్నావని, అందుకే దాన్ని రవ్వ డబ్బాలో పెట్టి మూత బిగించావని నీ భార్య జాస్మిన్ చెప్పింది. ఆమె ఫోనుకు చేస్తే ఆమె మాట వినపడుతుంది గానీ నీ మాట వినపడదు. అందుకని ఈ ఉత్తరం. ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకు లేఖలు రాయడం నేర్పినదాన్ని, నాకిది కష్టం కాదు. నువ్వు కూడా జవాబు రాయి. తేదీ వేయడం మరిచిపోకు.

ముఖ్య విషయం. మిలిటరీ నుంచి వచ్చేటప్పుడు డాక్టర్ల బోర్డు నీకు మనసు జబ్బు పదిహేను శాతం ఉందని కాగితం ఇచ్చిందట. ఆ మాట విని నా గుండె కుదుటపడింది. పదిహేను శాతం జబ్బంటే ఎనభై అయిదు శాతం ఆరోగ్యమే కదా! మా బడిలో ఎనభై అయిదు వచ్చిన పిల్లల్ని స్టేజీ ఎక్కించి కంపాస్ బాక్సు ఇచ్చేవాళ్ళం. ఇరవై రెండేళ్ళు కొండల్లో సైనికులకు వండిపెట్టి వచ్చినవాడికి ఇంతకంటే ఏం కావాలి? నిన్న ఆదివారం చర్చిలో కృతజ్ఞతార్పణ వేశాను. పాస్టరు దాసయ్య గారు నీ శాతం చదివి వినిపిస్తే అందరూ ఆమెన్ అన్నారు. పులిహోర పంచాను.

మిగిలిన పదిహేను కూడా ప్రార్థనతో పోతుంది. రాగిసంగటి తిను.

ప్రభువునందు నీ అక్క,
సుందరమ్మ, రిటైర్డ్ టీచరు


ప్రొద్దుటూరు
17 జూన్ 2023

అక్కకు జోయల్ నమస్కారాలు.

తేదీ వేశాను, చూసుకో. జాస్మిన్, నేను బాగున్నాం. నీ పులిహోర మాత్రం వృథా అయింది.

అవి మార్కులు కావక్కా. జబ్బు ఇరవై శాతం ఉంటేనే సర్కారు దాన్ని లెక్కలోకి తీసుకుని వైకల్య పింఛను ఇస్తుంది. పదిహేను ఉన్నవాడు ఉత్త మనిషి. నేను ఎనభై అయిదుతో పాసు కాలేదు, అయిదు తక్కువై ఫెయిలయ్యాను. పైగా ఈ జబ్బుకూ సర్వీసుకూ సంబంధం లేదని రాశారు. డ్యూటీలో ఉండగా వచ్చింది గానీ డ్యూటీ వల్ల రాలేదట. పింఛను పోతే పోయింది. ఆ కాగితం చదివిన ప్రతివాడూ నేను నటిస్తున్నానని అనుకుంటున్నాడు. ఒక్కోసారి నాకే అనుమానం వస్తోంది.

కుక్కర్ విజిల్ వేస్తే నాకు ఒళ్ళు తెలియదు. వంటవాణ్ణి, నా ఇంట్లోనే కుక్కర్ లేదు. జాస్మిన్ గిన్నెలో అన్నం వారుస్తుంది. నా టిఫిన్ అంగడిలో దోశ ఒక్కటే పెట్టుకున్నది కూడా అందుకే, అది కూత వేయదు. మొన్న అంగడి ముందు బస్సు టైరు పేలింది. తెలివి వచ్చేసరికి నేను మురిక్కాలువలో బోర్లా పడుకుని ఉన్నాను. ఎలా పోయానో తెలియదు. కారం దోశ అడిగినాయన దోశ మాడిపోయింది.

అప్పీలు చేసుకోవచ్చంటున్నారు. పులివెందులలో హబీబుల్లా సాబ్ అని ఒక రిటైర్డ్ సుబేదార్ ఉన్నారు. మిలిటరీ ఆఫీసులో గుమాస్తాగా చేసి వచ్చి, ఇప్పుడు చీనీబత్తాయి తోట చూసుకుంటూ, మాజీ సైనికులకు ఊరికే అర్జీలు రాసిపెడతారట. ఆయన దగ్గరికి పోవాలని మూడుసార్లు బయల్దేరాను. బస్టాండులో ఆ హారన్లు విని మూడుసార్లూ వెనక్కి వచ్చాను.

నీ తమ్ముడు,
జోయల్


జమ్మలమడుగు
24 జూన్ 2023

తమ్ముడు జోయల్‌కు దీవెనలు.

అయిదు మార్కులేనా! అయిదు మార్కుల కోసం పిల్లల్ని ఫెయిల్ చేసిన పాపం నా సర్వీసులో లేదు. వెంటనే రీవాల్యుయేషన్ పెట్టు. ముందు బోర్డువాళ్ళు అడిగిన ప్రశ్నలు, నువ్వు చెప్పిన జవాబులు వరుసగా రాసి పంపు. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే. పది మార్కుల ప్రశ్నకు రెండు వాక్యాలు రాసి పెన్ను మూసేవాడివి. లెక్కల పరీక్ష రోజు లేని కడుపునొప్పి గంటసేపు వర్ణించేవాడివి. ఉన్న నొప్పి చెప్పమంటే మాత్రం నోరు పెగలదు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. నిజంగా కుక్కర్‌కేనా భయం? మా ఇంటి పక్క రిహానా ఇంట్లో రోజుకు పది విజిళ్ళు వేస్తుంది, నాకేమీ కాలేదు. మనసు గట్టి చేసుకో. ప్రార్థన తగ్గించావేమో ఆలోచించు.

"కృతజ్ఞతలు" రాసేటప్పుడు ఋత్వం మరిచిపోవద్దని జాస్మిన్‌కు చెప్పు. పండుగ కార్డులో తప్పు రాసింది.

ప్రభువునందు నీ అక్క,
సుందరమ్మ


ప్రొద్దుటూరు
3 జూలై 2023

అక్కకు నమస్కారాలు.

ప్రశ్నలు, జవాబులు రాస్తున్నాను.

బోర్డు ఎనిమిదింటికి రమ్మంటే ఏడున్నరకే పోయాను. గడ్డం గీసుకుని, బూట్లు మెరిపించి, లోపలికి పోగానే సెల్యూట్ కొట్టాను. ఆఫీసరు తల ఎత్తకుండానే రాసుకున్నాడు: వేళకు వచ్చాడు, శుభ్రంగా ఉన్నాడు, సెల్యూట్ బాగుంది.

నిద్ర పడుతోందా అని అడిగాడు. ఠీక్ హై సాబ్ అన్నాను. ఇరవై రెండేళ్ళుగా ఏది అడిగినా అదే జవాబు అక్కా, నోరు దానంతట అదే అనేస్తుంది. భోజనం? ఠీక్ హై సాబ్. చెడ్డ తలంపులు? ఠీక్ హై సాబ్. మూడో జవాబుకు ఒక్క క్షణం నా వంక చూసి, మళ్ళీ రాసుకున్నాడు.

ట్రేడ్ ఏమిటన్నాడు. కుక్ అన్నాను. "వంటవాడికి యుద్ధమేంటి?" అన్నాడు. షెల్ పడేటప్పుడు ట్రేడ్ అడిగి పడదు సాబ్ అనాలని రైల్లో వచ్చేటప్పుడు తట్టింది. అక్కడ మాత్రం జీ సాబ్ అన్నాను.

2018లో సరిహద్దు పోస్టులో మా వంటశాల మీద షెల్ పడింది. లోపల ఉన్న ముగ్గురు పోయారు. ఫూల్‌చంద్, బల్జీత్, తాపా. నేను నీళ్ళ ట్యాంకు దగ్గరికి పోయి ఉన్నాను కాబట్టి మిగిలాను. ఇది చెప్పాను. "అంటే పేలినప్పుడు నువ్వు అక్కడ లేవు" అన్నాడు. అదీ రాసుకున్నాడు.

చివరగా సొంత జిల్లా ఏదన్నాడు. కడప అన్నాను. ముగ్గురు డాక్టర్లూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వారు. "మీ ఊళ్ళో పిల్లలు బాంబులతోనే ఆడుకుంటారట కదా!" అన్నాడు ఒకాయన. పెద్దవాళ్ళు నవ్వుతున్నారని నేనూ నవ్వాను. ఫైలులో ఇలా ఉంది: బాల్యం నుంచి పేలుళ్ళకు అలవాటుపడిన ప్రాంతం, భయానికి మూలం సర్వీసుకు ముందే ఉండవచ్చు, మనిషి హాస్యప్రియుడు.

ఇంతే అక్కా పరీక్ష.

జోయల్


జమ్మలమడుగు
15 జూలై 2023

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం సహించలేదు. నాకు అరవై మూడేళ్ళు. ఈ జిల్లాలో పుట్టి, ఈ జిల్లాలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. బాంబు అనేది సినిమా పోస్టరు మీద తప్ప చూసి ఎరగను. జిల్లా పేరు చెప్తే జబ్బు కూడా అక్కడిదే అంటారా! నువ్వు ప్రశాంతంగా పెరిగావని ఋజువులు తెస్తాను, చూడు.

మొదట రెవెన్యూ ఆయన దగ్గరికి పోయాను. "కులం సర్టిఫికెట్ ఉండాది, ఆదాయం సర్టిఫికెట్ ఉండాది. ప్రశాంతంగా పెరిగినాడని సర్టిఫికెట్ యాడా లేదు మేడం. ఆన్‌లైన్‌లో ఆప్షనే లేదు" అన్నాడు. తర్వాత స్టేషన్‌కు పోయి, నీ బాల్యంలో మన వీధిలో బాంబు పడలేదని రాసిమ్మన్నాను. అక్కడి కానిస్టేబులు నా శిష్యుడే. కుర్చీ వేసి చెప్పాడు: "బాంబు పడిందంటే ఎఫ్ఐఆర్ ఉంటాది టీచరమ్మా. పడలేదనేదానికి కాగితం యాడ్నుంచి తెచ్చియ్యాల?" మాట న్యాయమే. చిన్నప్పుడు కూడా వాడు తెలివైనవాడే.

అందుకని సాక్షుల పని పట్టుకున్నాను. మొన్న ఆదివారం పాస్టరు గారితో చర్చిలో ప్రకటన చేయించాను: "మన సహోదరుడు జోయల్‌కు మతి సరిగా లేదు. ప్రొద్దుటూరులో దోశల అంగడి నడుపుతున్నాడు. ఆయన తిక్కచేష్టలు చూసినవాళ్ళు సాక్ష్యం ఇవ్వగలరు." పన్నెండు మంది చేతులెత్తారు. వాళ్ళలో ఏడుగురు నిన్ను ఎన్నడూ చూడలేదట, అయినా సంతకం పెడతామంటున్నారు. విశ్వాసం అంటే అది.

ధైర్యంగా ఉండు.

ప్రభువునందు నీ అక్క,
సుందరమ్మ


ప్రొద్దుటూరు
30 జూలై 2023

అక్కా,

ఎంత పని చేశావు!

ప్రకటన అయిన మరుసటి రోజు నుంచే జనం. నీ చర్చివాళ్ళు బస్సెక్కి మరీ వస్తున్నారు. వాళ్ళను చూసి వీధివాళ్ళు, వీధివాళ్ళను చూసి బజారువాళ్ళు. నిన్న ఒకాయన వచ్చి నిలబడ్డాడు.

"తిక్క మిలిటరీ ఆయన అంగడి ఇదేనాప్పా?"

"ఇదే."

"ఆయప్ప యాడ?"

"నేనే."

కిందికీ పైకీ చూశాడు. "అట్ల కనపడ్డంలేదే!" అని నొచ్చుకున్నాడు. అంత దూరం వచ్చినందుకు రెండు కారం దోశలు తిని, "శానా బాగుండాయి" అని ఇంకో రెండు కట్టించుకుని పోయాడు.

అంగడి పెట్టినప్పటి నుంచి ఇన్ని దోశలు ఏనాడూ పోయలేదు. రేపు బోర్డువాళ్ళు వచ్చి ఈ గిరాకీ చూస్తే ఉన్న పదిహేను కూడా కొట్టేస్తారు. జనం తింటున్నంతసేపూ నా చేతులే చూస్తున్నారు. ఎప్పుడు ఏం చేస్తానా అని కాచుకుని ఉన్నారు. దయచేసి ఆ ప్రకటన ఆపించు.

జోయల్


ప్రొద్దుటూరు
11 ఆగస్టు 2023

అక్కా, మూసేశాను. ఇక ఎవరికీ ఏమీ చెప్పొద్దు, ఎక్కడికీ పోవద్దు. జాస్మిన్ కూడా నీమీద కోపంగా ఉంది.
జోయల్


జమ్మలమడుగు
19 ఆగస్టు 2023

తమ్ముడూ,

నీ కార్డు అందింది. అప్పీలు మూసేస్తావా? జాస్మిన్‌కు ఫోను చేస్తే ఎత్తలేదు. ఆ సుబేదారే నీకు పిరికిమందు పోసి ఉంటాడనుకుని, కడిగేద్దామని పొద్దున్నే పులివెందుల బస్సెక్కాను.

హబీబుల్లా సాబ్ తోటలో చెట్లకు నీళ్ళు మళ్ళిస్తున్నాడు. "మా తమ్ముని అప్పీలు ఏంటికి మూయించినారు?" అని గట్టు మీది నుంచే అడిగాను.

"ఎవరమ్మా మీ తమ్ముడు?"

"జోయల్. ప్రొద్దుటూరు."

"ఆ పేరు నేనెప్పుడూ వినలేదే!"

అప్పుడు తెలిసింది, నువ్వు ఆయన దగ్గరికి పోనేలేదని. నాకు సిగ్గు వేసింది. ఆయన మాత్రం ఏమీ అనుకోకుండా నీడలో మంచం వేసి, చీనీ రసం ఇచ్చి, అంతా చెప్పించుకున్నాడు. బోర్డు ప్రశ్నలున్న నీ ఉత్తరం చేతికిస్తే సగంలో ఆగి తల పట్టుకున్నాడు.

"బూట్లకు పాలిష్ ఏంటికి ఏసినాడమ్మా! ఇదే మావోళ్ళ ఖర్మ. జబ్బు చేసినోడు కూడా అటెన్షన్‌లో నిలబడి జబ్బు చెప్తాడు. వాళ్ళు సెల్యూట్ చూసి మార్కులేస్తారు."

నేను పోగుచేసిన పన్నెండు సాక్ష్యాలు చూపించాను. చదివి, పక్కన పెట్టేశాడు. "ఇయ్యేం పనికిరావు. నీ కండ్లతో నువ్వు చూసింది ఒక్కటి రాయి. ఆ పిల్లోడు పటాలానికి పోకముందు ఎట్లుండె, వచ్చినాక ఎట్లుండాడు? అదొక్కటి చాలు."

రాద్దామని పెన్ను తీశాను. ఏం చూశాను నేను? నువ్వొచ్చి ఎనిమిది నెలలైంది. ప్రొద్దుటూరు ఎంత దూరం? ఒక్కసారి కూడా రాలేదు. నీ ఉత్తరాల్లో తప్పులు దిద్దుతూ కూర్చున్నాను.

ఆయన నిన్ను రమ్మన్నాడు. బస్టాండు అక్కర్లేదు, హారన్ కొట్టని మనిషి ఆటో ఒకటి పంపుతానన్నాడు. మూసేయకు నాయనా.

సుందరమ్మ


ప్రొద్దుటూరు
28 ఆగస్టు 2023

అక్కా,

మూసింది అప్పీలు కాదు, అంగడి. నువ్వు పొరబడి పులివెందుల పోయావు. పొరబడకపోతే ఎవరమూ పోయేవాళ్ళం కాదు.

జరిగింది రాయలేక ఆ రోజు ఒక్క ముక్కతో ఆపేశాను. ఇద్దరు కుర్రవాళ్ళు దోశ తిన్నారు. ఒకడు నా వెనకకు వచ్చి, గాలి ఊది ఉబ్బించిన కవరు చెవి దగ్గర పగలగొట్టాడు. ఇంకొకడు ఫోను ఎత్తి పట్టుకున్నాడు. నేను కింద పడబోయి పెనం మీద చేయి పెట్టాను. అరచేయి మొత్తం కాలింది. నేను బల్ల కింద ముడుచుకుని హిందీలో ఏదో అరుస్తున్నానట. వాళ్ళు "నిజమేరా, నిజంగానే ఉండాది!" అని నవ్వారని జాస్మిన్ చెప్పింది. ఆమె వాళ్ళమీదికి అట్లకాడ విసిరి షట్టరు దించింది. ఆ వీడియో ఊరంతా చూసింది. బోర్డువాళ్ళు చూడని జబ్బు ఊరు చూసి పెట్టింది.

మొన్న ఆటోలో జాస్మిన్, నేను సాబ్ దగ్గరికి పోయాం. ఆయన నన్ను ఏమీ అడగలేదు. చెట్టు కింద కూర్చోబెట్టి చీనీకాయలు ఏరమన్నాడు. చాలాసేపు ఏరాను. తర్వాత నాకై నేనే మాట్లాడాను. అర్జీ తయారవుతోంది. కడపలో మనసు డాక్టరును చూడమన్నాడు, చూశాను. మందులు మొదలుపెట్టాను. నీ కాగితం కోసం కాచుకుని ఉన్నాం.

జోయల్


జమ్మలమడుగు
10 సెప్టెంబరు 2023

తమ్ముడూ,

ఆ కుర్రవాళ్ళను పంపింది నా ప్రకటనే. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం చెల్లడం లేదు. పాస్టరు గారు ఈరోజు చర్చిలో అందరి ముందు తప్పు ఒప్పుకున్నారు, నేనూ లేచి నిలబడ్డాను. జాస్మిన్‌కు విడిగా రాస్తాను.

నా వాంగ్మూలం ఇదిగో. సాబ్‌కు అందజేయి.

"మా నాన్న నాపరాళ్ళ గనిలో కూలి. గనిలో మందుపెట్టి పైరాయి పేల్చే వేళకు నా తమ్ముడు జోయల్ బడి ఎగ్గొట్టి మరీ పరిగెత్తేవాడు. పేలిన ప్రతిసారీ చప్పట్లు కొట్టేవాడు. నేను చెవి పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. మా జిల్లాలో వాడు విన్న పేలుళ్ళు అవే. వాటికి వాడు ఎన్నడూ భయపడలేదు.

2022 డిసెంబరులో రిటైరై, క్రిస్మస్ భోజనానికి మా ఇంటికి వచ్చాడు. అన్నం తింటుండగా అదే గనిలో, అదే పేలుడు వినిపించింది. తమ్ముడు విస్తరి ముందు నుంచి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు. కోడికూర బాగాలేక అలిగాడనుకుని నేను వాళ్ళ గడప తొక్కలేదు. గని మారలేదు. చప్పుడు మారలేదు. మధ్యలో ఇరవై రెండేళ్ళ సర్వీసు మాత్రమే ఉంది."

కూర బాగానే ఉండిందని ఇప్పుడైనా చెప్పు.

అక్క


ప్రొద్దుటూరు
8 జూన్ 2024

అక్కా,

కూర బాగుండింది. అప్పుడే రాయాల్సింది.

ఆర్డరు నిన్న వచ్చింది. నెగ్గాం. మార్చిలో అప్పీలు బోర్డు జరిగిన తీరు నీకు పూర్తిగా చెప్పలేదు. ఈసారి బూట్లు ముట్టుకోవద్దని సాబ్ ఒట్టు వేయించుకున్నాడు. అయినా ముట్టుకున్నాను. గేటు దగ్గర నా బూట్లు చూసి ఆయన "ఐపోయ, అంతా ఐపోయ" అంటూ కూలబడ్డాడు.

లోపల ఒక లేడీ డాక్టరు ఉంది. నీ కాగితం ఇంగ్లీషులో పైకి చదివింది. ఎవరూ నవ్వలేదు. తర్వాత నా కాళ్ళవైపు చూసి, "ఇవి ఎంతసేపు పాలిష్ చేశారు?" అంది. నాలుగు గంటలు అన్నాను. ఎందుకంది. ఆపితే చేతులు వణుకుతాయి మేడం అన్నాను. ఆమె పెన్ను పక్కన పెట్టి, ఇప్పుడు వణికినా ఫరవాలేదంది. ఠీక్ హై అనబోయాను. నోరు రాలేదు.

ఇరవై శాతం వేశారు, సర్వీసు వల్లే వచ్చిందని రాశారు. అంటే ఈ ఏడాదిలో నా జబ్బు సరిగ్గా అయిదు శాతం ఎదిగింది. ఇరవై వచ్చినవాడికి రూలు ప్రకారం యాభై కింద కట్టి పింఛను ఇస్తారట. మిగతా ముప్పై శాతం బాధ పడకుండానే నాకు దక్కింది. సాబ్ తోటలో అందరికీ మిఠాయి పంచాడు. అంగడి మళ్ళీ తెరిచాను. మందులు మానలేదు.

ఇక ఒక సంగతి. ఏ బోర్డూ అడగలేదు. జాస్మిన్‌కు కూడా తెలియదు.

షెల్ పడిన ఆ రోజు పొద్దున టీ కాలేదక్కా. పొయ్యి మీద నీళ్ళు కూడా పెట్టలేదు. నాలుగు రోజులుగా మంచు. రోజూ అందరూ టీ గ్లాసు పట్టుకుని ఎవరి బంకరుకు వాళ్ళు పోతున్నారు, ఎవరూ నిలబడి మాట్లాడటం లేదు. నాకు మనిషి గొంతు వినాలనిపించింది. "చాయ్ తయార్" అని అబద్ధం అరిచాను. ముగ్గురు వచ్చారు. టీ లేదని చూసి తిట్టారు. తాపా నా టోపీ లాగి నవ్వాడు. కూర్చోండి, నీళ్ళు తెస్తానని పోయాను.

వాళ్ళ టీ వేళకు ఇంకా అరగంట ఉంది. నేను పిలవకపోతే వచ్చేవాళ్ళు కారు.

రాయడం అయిపోయింది.

జోయల్


జమ్మలమడుగు
12 జూన్ 2024

జోయలూ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది.

ఈ జవాబు పోస్టులో వేయకుండా పట్టుకుని రేపు మొదటి బస్సుకు వస్తున్నాను. నువ్వు షట్టరు ఎత్తేసరికి బయట బల్ల మీద ఉంటాను. టీ కాకపోయినా పిలువు.

అక్క